సముద్రతీర నగరంలో మీ బస్తీని పునరాభివృద్ధి చేస్తామన్నప్పుడు సంఘం చేయవలసిన పనులు

సముద్రానికి దగ్గరగా ఉన్న పాత బస్తీలలో రెండు మూడు తరాలుగా కాపురముంటున్న కుటుంబాలకు పునరాభివృద్ధి అన్నది సాధారణంగా ఒక సర్వే బృందం రూపంలోనో, గోడ మీద ఎర్ర రంగుతో వేసిన అంకె రూపంలోనో మొదటిసారి ఎదురవుతుంది. ఆ స్థలం విలువ ఎంత, దానిపై ఎన్ని అంతస్తులు లేపవచ్చు అన్న లెక్కలు అప్పటికే కొన్ని కార్యాలయాలలో పూర్తయి ఉంటాయి. బస్తీవాసులు మాత్రం అదే రోజున లెక్క మొదలుపెట్టవలసి వస్తుంది. అలాంటి బస్తీల సంఘ పెద్దల కోసం, మహిళా సంఘాల సభ్యుల కోసం, కాగితాల పనిలో వారికి సాయపడే యువత కోసం రాసిన వ్యాసమిది.

పునరాభివృద్ధిని ఆసాంతం వ్యతిరేకించాలని గాని, కళ్లు మూసుకుని ఒప్పుకోవాలని గాని ఇక్కడ చెప్పడం లేదు. మరుగుదొడ్డి లేని గదిలో, వాన పడితే మురుగు లోపలికి వచ్చే ఇంట్లో బతుకుతున్నవారికి పక్కా ఇల్లు ఎందుకని అనడం ఎవరికీ తగదు. అయితే కొత్త ఇల్లు చేతికొచ్చిన పదేళ్లకు అందులో అదే కుటుంబం ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు పునాది తవ్వకముందే, జాబితా, పటం, ఒప్పందం అనే మూడు కాగితాలలో చాలావరకు తేలిపోతుంది. సంఘం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ఆ మూడింటి మీదే వెచ్చించాలి.

భూమి ఎవరిది, సముద్రానికి ఎంత దూరం

ఒకే బస్తీలో కొంత భాగం మున్సిపల్ కార్పొరేషన్‌ది, కొంత పోర్టుది, కొంత రైల్వేది, కొంత ప్రైవేటు పట్టాదారుడిది కావడం తీరనగరాలలో మామూలే. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం పోర్టు, రైల్వే భూములకు దానంతట అది వర్తించదు. ఆ కేంద్ర సంస్థలు విడిగా ఒప్పుకోవాలి. అందువల్ల మొదట టౌన్ సర్వే నంబర్లు సేకరించి, రెవెన్యూ కార్యాలయంలో టౌన్ సర్వే రిజిస్టరు నకలు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం తీసుకుని, ఏ వరుస ఇళ్లు ఎవరి భూమిలో ఉన్నాయో ఒక పటం మీద గుర్తించుకోవాలి. ఈ పని చేయని సంఘాలు తమ బస్తీలో సగానికే పథకం వర్తిస్తుందని మంజూరు ఉత్తర్వు వచ్చాక గాని తెలుసుకోలేవు.

ఆంధ్రప్రదేశ్‌లో చాలా బస్తీలలో డి-పట్టాలు ఉంటాయి. ఇవి ప్రభుత్వం కేటాయించిన భూములు గనుక ఎప్పుడైనా ఉచితంగా వెనక్కి తీసుకోవచ్చని కిందిస్థాయి అధికారులు చెబుతుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. కేటాయించిన భూమిని ప్రజాప్రయోజనం పేరిట తిరిగి తీసుకున్నప్పుడు కూడా పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. చర్చలకు వెళ్లేటప్పుడు ఆ తీర్పు ప్రతిని వెంట ఉంచుకోవడం మంచిది. ఇక ప్రైవేటు భూమిని ప్రభుత్వం సేకరించి బిల్డరుకు అప్పగించే పద్ధతి అయితే, 2014 జనవరి 1 నుంచి అమలులో ఉన్న 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే బాధిత కుటుంబాలలో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందస్తు సమ్మతి కావాలని ఆ చట్టం అంటుంది. ఈ సమ్మతి లెక్కలోకి భూమి లేదా ఇంటి యజమానులు, ప్రభుత్వం భూమి కేటాయించిన కుటుంబాలు వస్తాయి. పునరావాసం విషయంలో మాత్రం బాధిత కుటుంబాలంటే వీరు మాత్రమే కారు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ ఉంటూ జీవనోపాధి పొందుతున్న అద్దెదారులను కూడా ఆ నిర్వచనం కలుపుకుంటుంది.

తీరనగరాలకు మరొక చట్టపు పొర ఉంది. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నియమాలు, అంటే సీఆర్‌జెడ్ నియమాలు వర్తిస్తాయి. ఆటుపోట్లు వచ్చే గెడ్డలు, కయ్యల వెంబడి ఈ దూరం తక్కువ. ఇప్పటికే కట్టడాలతో నిండిన నగర భాగాన్ని సీఆర్‌జెడ్-2 అంటారు. అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకు, లేదా అనుమతి పొందిన కట్టడాలకు నేలవైపున మాత్రమే కొత్త భవనాలు రావాలి. ఒక స్థలంలో ఎన్ని చదరపు అడుగులు కట్టవచ్చో తేల్చే నిష్పత్తిని ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. సీఆర్‌జెడ్-2లో ఈ నిష్పత్తి చాలాకాలం 1991 నాటి స్థాయి దగ్గరే ఆగిపోయి ఉండేది. 2019 జనవరి 18 నాటి నోటిఫికేషన్ దానిని ఆ తేదీకి అమలులో ఉన్న నగర నిబంధనల స్థాయికి పెంచింది. రెండు అంతస్తుల స్థలం పది అంతస్తుల స్థలంగా మారిందంటే, దశాబ్దాలుగా ఎవరూ తొంగిచూడని జాలరిపేట మీద ఒక్కసారిగా ఇంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో వేరే వివరించనక్కరలేదు. చర్చలలో మీ బలం కూడా అక్కడే ఉంది: పెరిగిన ఆ విస్తీర్ణం విలువలో బస్తీ వాటా ఎంత అన్నదే అసలు బేరం.

ప్రతి తీర రాష్ట్రమూ కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అనే పటాలను తయారుచేసి ఉంచుతుంది. మత్స్యకార గ్రామాలు, పడవలు నిలిపే చోటు, చేపలు ఎండబెట్టే స్థలం, ఐస్ ప్లాంట్ వంటి ఉమ్మడి వనరులను ఆ పటాలలో చూపాలి. మత్స్యకారుల దీర్ఘకాలిక గృహ అవసరాలకు ప్రణాళిక ఉండాలి. రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ సంస్థ దగ్గర మీ ప్రాంతపు పటం నకలు తీసుకుని, వలలు ఆరేసే ఇసుక నేల అందులో ఖాళీ స్థలంగా చూపబడి ఉంటే వెంటనే లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. పటంలో లేని వాడుక తరువాత ఎవరి కంటికీ కనబడదు.

మీ జాబితా ముందుగా మీరే తయారుచేసుకోవాలి

నా ఉద్దేశంలో ఇంతకంటే ముఖ్యమైన పని మరొకటి లేదు. ప్రభుత్వ సర్వే ఒకటి రెండు పగటి పూటల్లో జరుగుతుంది. ఆ సమయానికి వేటకు వెళ్లినవారు, చేపల బుట్టతో తిరిగేవారు, ఇళ్లలో పనులకు పోయేవారు ఇంట్లో ఉండరు. తాళం వేసి ఉన్న ఇంటికి ఎదురుగా సర్వేయరు రాసుకునే మాట ఒక కుటుంబం భవిష్యత్తును మార్చేయగలదు.

కాబట్టి అధికారులు రాకముందే సంఘం తన సొంత లెక్క పూర్తిచేయాలి. ప్రతి గుమ్మానికీ ఒక నంబరు, ఆ గుమ్మం వెనక ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి, పెళ్లయిన కొడుకు వేరు కాపురమా కాదా, పై అంతస్తులో ఎవరున్నారు, అద్దెకు ఎవరున్నారు, ఎన్నాళ్లుగా ఉన్నారు, ఇంట్లో ఏ పని చేస్తారు అన్నవన్నీ ఒకే రిజిస్టరులో రాయాలి. గుమ్మం ముందు కుటుంబాన్ని నిలబెట్టి తేదీ కనిపించేలా ఫోటో తీయాలి. ఆ రిజిస్టరును బస్తీ సమావేశంలో బిగ్గరగా చదివి, తప్పులు సరిచేసి, ప్రతి పేజీ మీద అయిదారుగురి చేత సంతకం చేయించాలి. ఒక ప్రతిని మున్సిపల్ కమిషనరు కార్యాలయంలో ఇచ్చి, మరో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుంటే, తరువాత వచ్చే అధికారిక జాబితాను పోల్చడానికి ఒక ఆధారం ఉంటుంది.

పోల్చేటప్పుడు ముఖ్యంగా మూడు రకాల కుటుంబాలు ఎక్కడ జారిపోయాయో చూడాలి. మొదటివారు అద్దెదారులు. యజమానికి ఫ్లాట్ వస్తుంది, పదేళ్లుగా అద్దె కట్టినవారికి ఇల్లు ఖాళీ చేయమన్న కబురు వస్తుంది; సంఘంలోనే యజమానుల మాట చెల్లుబాటు అవుతుంది గనుక ఈ అన్యాయం లోపలి నుంచే మొదలవుతుంది. రెండోవారు పై అంతస్తులలో ఉండేవారు. ముంబైలోని మురికివాడల పునరావాస పథకం నేల మీది గదికే అర్హత ఇస్తూ వచ్చింది. 2022లో అదానీ గ్రూపు బిడ్ గెలుచుకున్న ధారావి పథకంలో కూడా 2000 జనవరి 1కి ముందు నుంచి నేల అంతస్తులో ఉన్నవారికే ధారావిలో 350 చదరపు అడుగుల ఉచిత ఇల్లు. పై అంతస్తులవారికి ధారావి వెలుపల, అద్దె పద్ధతిలో ఇల్లు చూపుతున్నారు. మూడోవారు కటాఫ్ తేదీ, అంటే అర్హతకు గీతగా పెట్టిన తేదీ తరువాత వచ్చినవారు. ముంబైలో ఈ తేదీ మొదట 1995 జనవరి 1గా ఉండి, తరువాత 2000కు జరిగింది. 2000 నుంచి 2011 మధ్య వచ్చినవారికి డబ్బు కట్టించుకుని ఇల్లు ఇచ్చే ఏర్పాటు తరువాత వచ్చింది, ఆ మొత్తాన్ని 2023లో రెండున్నర లక్షల రూపాయలుగా నిర్ణయించారు. కటాఫ్ తేదీ అన్నది రాజకీయ నిర్ణయం, జరిపితే జరుగుతుంది. దాన్ని కదలని శిలగా భావించి ముందే కొన్ని కుటుంబాలను వదులుకున్న సంఘం తన సంఖ్యాబలాన్ని తానే తగ్గించుకుంటుంది.

రుజువుల విషయంలో ఒక్క కాగితం మీద ఆధారపడకూడదు. పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరున్న పుట, పిల్లల స్కూలు రికార్డు, టీకా కార్డు, ఆసుపత్రి చీటీ, మత్స్యకార సహకార సంఘం సభ్యత్వం వంటివన్నీ పనికొస్తాయి. పాత ఓటరు జాబితాల నకళ్లను ఎన్నికల విభాగం నుంచి అడిగి తీసుకోవచ్చు. తుఫానులో కాగితాలు పోగొట్టుకున్న కుటుంబాలకు ఇది బాగా ఉపయోగపడుతుంది. అన్నిటినీ స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరచాలి. అసలు ప్రతులను మాత్రం ఎవరి చేతికీ, సంఘం అధ్యక్షుడి చేతికి కూడా, ఇవ్వకూడదు.

సమాచార హక్కు దరఖాస్తు

ఇది చిన్న పనే. 2005 నాటి చట్టం కింద ప్రాజెక్టు నివేదిక, అర్హుల ముసాయిదా జాబితా, బిల్డరుతో కుదిరిన ఒప్పందం, పర్యావరణ అనుమతి, సీఆర్‌జెడ్ అనుమతి నకళ్లు అడగాలి. 30 రోజులలో జవాబు రాకపోతే ఆ తరువాతి 30 రోజుల లోపల మొదటి అప్పీలు వేయాలి. ఒకే దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు కుక్కితే వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది. ఒక్కో పత్రానికి ఒక్కో దరఖాస్తు పెట్టి, "ఎందుకు" అని అడగకుండా "ఫలానా పత్రం నకలు" అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

సంతకానికి ముందు ఒప్పందంలో ఏముండాలి

ముంబై నిబంధనలలో ఒకప్పుడు బస్తీలోని అర్హులలో 70 శాతం సమ్మతి కావలసి ఉండేది; 2018 నాటి అభివృద్ధి నియమాలు దాన్ని 51 శాతానికి తగ్గించాయి. సగం కంటే కాస్త ఎక్కువమంది సంతకం చేస్తే మిగతా అందరికీ పథకం వర్తిస్తుందన్నమాట. అందుకే బిల్డరు ప్రతినిధులు బస్తీ సమావేశానికి రాకుండా ఇంటింటికీ తిరుగుతారు. విడివిడిగా ఎవరూ సంతకం చేయకూడదని, సమ్మతి పత్రం తెలుగులో గాని తమకు వచ్చిన భాషలో గాని లేకపోతే అసలు ముట్టుకోకూడదని సంఘం ముందే తీర్మానించుకోవాలి. ఖాళీ స్టాంపు పేపరు మీద, మన తరఫున అన్నీ చేసే అధికారాన్ని మరొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేయడం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు.

ఒప్పందంలో ఇంటి విస్తీర్ణాన్ని కార్పెట్ ఏరియాలో, అంటే గోడల లోపలి నేల కొలతలో రాయించాలి. గోడలు, మెట్ల వంటి ఉమ్మడి భాగాలను కూడా కలిపే సూపర్ బిల్టప్ లెక్కలో చెప్పిన 400 చదరపు అడుగులు లోపలికి వచ్చేసరికి 280 కావచ్చు. ముంబై పథకంలో ఉచిత ఇంటి కార్పెట్ ఏరియా చాలాకాలం 225 చదరపు అడుగులు, తరువాత 269, ఇప్పుడు 300. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పట్టణ పేదల కోసం చేపట్టిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలుగా కట్టారు. ఆరుగురున్న ఇంటికి 300 చదరపు అడుగులు చాలవని చెప్పడానికి ఇంజినీరు అక్కరలేదు. పెళ్లయిన కొడుకు కాపురాన్ని వేరు కుటుంబంగా గుర్తించాలన్న పట్టుదల జాబితా దశలోనే ఎందుకుండాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇల్లు కూల్చిన రోజు నుంచి కొత్త ఇంటి తాళం చేతికి వచ్చేవరకు గడిచే కాలమే అన్నిటికంటే ప్రమాదకరం. మూడేళ్లన్నది ఏడెనిమిదేళ్లు కావడం, మొదటి ఏడాది అద్దె సక్రమంగా ఇచ్చిన బిల్డరు తరువాత ఫోను ఎత్తకపోవడం కొత్త కథలు కావు. ఇలాంటి ఫిర్యాదులు పేరుకుపోయాక, 2023లో ముంబైలోని మురికివాడల పునరావాస సంస్థ రెండేళ్ల అద్దెను బిల్డరు ముందుగానే జమ చేయాలని, ఆ తరువాతి ఏడాదికి ముందస్తు తేదీలతో చెక్కులు ఇవ్వాలని నిబంధన పెట్టింది. ఇదే షరతును మీ ఒప్పందంలోనూ రాయించండి. దానితోపాటు ఏటా అద్దె పెరుగుదల, అడ్వాన్సు, సామాను తరలింపు ఖర్చు, గడువు దాటితే నెలవారీ జరిమానా, బ్యాంకు గ్యారంటీ ఉండాలి. బస్తీవాసుల భవనం ఫలానా దశకు చేరేదాకా బిల్డరు తన అమ్మకపు ఫ్లాట్లకు పునాది వేయకూడదన్న షరతు వీటన్నిటికంటే విలువైనది. అమ్మకపు ఫ్లాట్ల ప్రాజెక్టును రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు చేయాలి గనుక, అక్కడ బిల్డరు కొనుగోలుదారులకు చెప్పిన గడువునూ మీకు చెప్పిన గడువునూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా తరచుగా ఆశ్చర్యపరుస్తుంది.

కొత్త ఇంటి హక్కు పత్రం ఇంటి మహిళ పేరిట, లేదా భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం మార్గదర్శకాలలోనే ఈ నియమం ఉంది కాబట్టి దీనికి వాదన అవసరం లేదు.

అక్కడేనా, వేరే చోటా

ఉన్నచోటే ఇల్లు కట్టి ఇవ్వడానికీ, ఊరి చివరకు తరలించడానికీ మధ్య తేడా ఇంటి నాణ్యతలో కంటే బస్సు చార్జీలో ఎక్కువగా కనిపిస్తుంది. చెన్నైలో 2000 ప్రాంతంలో మొదలైన కన్నగి నగర్, 2004 సునామీ తరువాత నిండిన సెమ్మంచేరి, ఆ తరువాతి పెరుంబాక్కం కాలనీలు నగరం నడిబొడ్డు నుంచి సుమారు 20 కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలో ఉన్నాయి. ఇళ్లలో పనిచేసే మహిళలు, మార్కెట్ కూలీలు పాత ఉద్యోగాలు వదులుకోవలసి వచ్చింది. 2015 వరదల తరువాత నదీతీరాల నుంచి ప్రమాదమన్న కారణంతో తరలించిన కుటుంబాలను పెరుంబాక్కం వైపు పంపారు. ఆ ప్రాంతం పళ్లికరణై చిత్తడి నేలకు ఆనుకుని ఉండి తానే నీట మునుగుతుంది. వరద ముప్పు పేరిట తరలిస్తామన్నప్పుడు కొత్త స్థలం ఎత్తు ఎంత, గత పదేళ్లలో అక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి అని అడగడం అందుకే అవసరం. ముంబైలో పైప్‌లైను పక్కనున్న కుటుంబాలను చమురు శుద్ధి కర్మాగారాల పొరుగున ఉన్న మాహుల్‌కు పంపగా, అక్కడి గాలి కాలుష్యం దృష్ట్యా వారిని అక్కడ ఉండమని బలవంతపెట్టరాదని, వేరే ఇల్లు చూపలేకపోతే నెలకు 15,000 రూపాయల అద్దె ఇవ్వాలని 2019 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆదేశించింది.

తరలింపు తప్పదనిపించినప్పుడు, సంఘం నుంచి కొందరు మహిళలు చూపించిన స్థలానికి పని దినాన తెల్లవారుజామునే బయలుదేరి, అక్కడి నుంచి తమ పని చోటుకు బస్సులో వచ్చి చూడాలి. ఎంత సమయం, ఎంత చార్జీ, చేపల బుట్టను బస్సు ఎక్కనిచ్చారా, సమీప ప్రభుత్వ పాఠశాలలో ఏ మాధ్యమం ఉంది, రేషన్ దుకాణం ఎంత దూరం అన్న వివరాలు రాసి అధికారులకు ఇస్తే అది పిటిషన్‌కంటే గట్టిగా పనిచేస్తుంది. విద్యా సంవత్సరం మధ్యలో తరలింపు ఉండరాదన్న షరతును విడిచిపెట్టకూడదు.

పని చోటు కూడా ఇంటిలో భాగమే

పునరాభివృద్ధి నమూనాలలో ఇల్లు ఉంటుంది, పని ఉండదు. జాలరి కుటుంబానికి వల బాగుచేసుకునే నేల, ఇంజిను దాచుకునే గది, పడవ కనబడే దూరం, అర్ధరాత్రి దాటాక నడిచి ఒడ్డుకు చేరగలిగే దారి కావాలి. అయిదో అంతస్తు నుంచి తోపుడు బండిని కిందకు దింపేవారెవరూ లేరు. కింద వదిలేస్తే పొద్దున్నకు ఉండదు. ఇస్త్రీ, టైలరింగ్, ఇడ్లీ పిండి, ఎండు చేప అమ్మకం వంటివి గుమ్మం ముందు సాగే వ్యాపారాలు. భవనం పటంలోనే నేల అంతస్తులో వలల షెడ్డు, బండ్ల షెడ్డు, ఐస్ పెట్టెలు ఉంచుకునే గది, బస్తీవాసులకే కేటాయించే చిన్న దుకాణాలు గుర్తింపజేయాలి. "తరువాత చూద్దాం" అన్న స్థలం పార్కింగ్ అవుతుంది.

వీధి వ్యాపారుల విషయంలో 2014 నాటి చట్టం చేతిలో ఉంది. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు; ధ్రువపత్రం ఉన్నవారిని కదిలించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. బీచ్ రోడ్డు సుందరీకరణ పేరిట బస్తీ వాసులు నడిపే బండ్లు పోయి, అదే చోట లైసెన్సు ఫుడ్ కోర్టు రావడం ఆ ప్రాంతం ఎవరి కోసం మారుతోందో చెప్పే తొలి గుర్తు. ఇల్లు నిలిచినా ఆదాయం తెగితే కుటుంబం తానే వెళ్లిపోతుంది; అలా వెళ్లినవారిని ఏ లెక్కలోనూ నిర్వాసితులుగా రాయరు.

గాలి, వెలుతురు

ముంబై గోవండీ, మాన్‌ఖుర్ద్ ప్రాంతాలలోని కొన్ని పునరావాస కాలనీలలో భవనానికీ భవనానికీ మధ్య దూరం 3 మీటర్లు మాత్రమే. కింది అంతస్తుల్లో పగలే లైటు వేసుకోవాలి. అలాంటి కాలనీలలో క్షయవ్యాధి ఎక్కువగా ఉండడానికీ, ఎండ, గాలి అందకపోవడానికీ సంబంధం ఉందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పటం చూపించినప్పుడు భవనాల మధ్య దూరాన్ని మీటర్లలో అడిగి, ఆ కొలతను నేల మీద సున్నంతో గీసి బస్తీ అంతా చూసేలా చేయాలి. కాగితం మీద గీతలు అందరికీ అర్థం కావు, నేల మీద గీత అందరికీ అర్థమవుతుంది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో తీరవాసులకు తెలిసిందే కాబట్టి కిటికీ ఊచలు, పైపులు, కాంక్రీటు నాణ్యతకు ఎన్నేళ్ల పూచీ ఇస్తారో కూడా రాయించుకోవాలి.

బిల్డరు పటాన్ని తప్పుపట్టడంతో ఆగకుండా సొంత పటం గీయించుకుంటే చర్చ స్వభావమే మారుతుంది. రియో డి జనీరోలో ఒలింపిక్ పార్కు పక్కనున్న విలా ఆటోడ్రోమో వాసులు రెండు విశ్వవిద్యాలయాల సహాయంతో తమ బస్తీకి ప్రజా ప్రణాళిక తయారుచేసుకున్నారు. కొన్ని వందల కుటుంబాలు వెళ్లిపోయినా, 2016 నాటికి సుమారు 20 కుటుంబాలు అక్కడే కొత్త ఇళ్లు కట్టించుకుని నిలిచాయి. అది పూర్తి గెలుపేమీ కాదు. ఆ ప్రణాళిక లేకపోతే ఆ 20 కూడా ఉండేవి కావు. దగ్గరలోని ఆర్కిటెక్చర్ కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు ఇలాంటి పనికి తరచుగా ఒప్పుకుంటారు.

ఖాళీ చేయమని నోటీసు వస్తే

నోటీసు ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వచ్చింది, ఎన్ని రోజుల గడువు, సంతకం చేసిన అధికారి ఎవరు అన్నవి ముందు చూడాలి. గడువు లోపల ప్రతి కుటుంబమూ విడివిడిగా లిఖితపూర్వక జవాబు ఇచ్చి రసీదు తీసుకోవాలి. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని, నోటీసు ఇచ్చి వాదన వినకుండా కాలిబాట మీద ఉన్నవారిని కూడా తొలగించరాదని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు తొలగింపును పూర్తిగా నిషేధించలేదన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. అది సమయం ఇస్తుంది, స్థలం ఇవ్వదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, కాబట్టి దరఖాస్తును మహిళల పేరిట వేయడం మేలు.

తాళం చేతికొచ్చాక

చాలా సంఘాలు గృహప్రవేశంతో తమ పని అయిపోయిందనుకుంటాయి. బస్తీ చేజారిపోవడం చాలా చోట్ల ఆ తరువాతే మొదలవుతుంది. లిఫ్టు కరెంటు, నీటి మోటారు, సెప్టిక్ ట్యాంకు, కాపలాదారు జీతం కలిపి నెలనెలా ఒక బిల్లు వస్తుంది. పాత ఇంట్లో అలాంటిది లేదు. ముంబై పథకంలో ఒక్కో ఇంటికి కొంత మొత్తం చొప్పున బిల్డరు మూలనిధి జమ చేయాలి, దాని వడ్డీతో నిర్వహణ జరగాలి. వడ్డీ చాలదని కొన్నేళ్లలోనే తేలుతుంది. కాబట్టి లిఫ్టుకు పదేళ్ల నిర్వహణ కాంట్రాక్టు, పైకప్పు మీద సోలార్ పలకలు, నేల అంతస్తు దుకాణాల అద్దె సొసైటీకే రావడం వంటి శాశ్వత ఆదాయ మార్గాలను ఒప్పంద దశలోనే కోరాలి. లిఫ్టు లేని మూడు నాలుగు అంతస్తుల భవనం దొరికే అవకాశముంటే దానికే మొగ్గు చూపమని నా సలహా. వృద్ధుల కుటుంబాలకు కింది అంతస్తులు కేటాయిస్తే సరిపోతుంది.

రెండో సమస్య అమ్మకం. చుట్టుపక్కల ధరలు పెరిగాక, అప్పుల్లో ఉన్న కుటుంబానికి ఎవరో వచ్చి కొన్ని లక్షలు చేతిలో పెడతామంటారు. ముంబై పథకంలో చాలాకాలం పదేళ్లపాటు అమ్మరాదన్న నియమం ఉండేది. నిషేధం వల్ల అమ్మకాలు ఆగలేదు. నోటరీ కాగితాల మీద, తక్కువ ధరకు సాగాయి. దీనికి శాన్ హువాన్ నగరం మరో దారి చూపింది. ప్యూర్టోరికోలోని ఆ తీరనగరంలో మార్టిన్ పెన్యా కాలువ వెంబడి ఉన్న పేద వాడలు, కాలువ పూడిక తీశాక భూమి విలువ పెరిగి తాము వెళ్లిపోవలసి వస్తుందని ముందే గ్రహించాయి. 2004లో వచ్చిన ఒక చట్టం ఆసరాగా సుమారు 200 ఎకరాల భూమిని వాసుల ఉమ్మడి ట్రస్టు పేరిట పెట్టుకున్నాయి. ఇల్లు కుటుంబానిదే, పిల్లలకు వారసత్వంగా వస్తుంది, అమ్ముకోవచ్చు కూడా. దాని కింది నేల మాత్రం ట్రస్టుది, అది బయటివారికి పోదు.

మన దగ్గర దీనికి దగ్గరి రూపాన్ని సహకార గృహ సంఘం నియమావళిలో రాసుకోవచ్చు. భూమి లీజు సంఘం పేరిట ఉండడం, సభ్యుడు అమ్మదలచుకుంటే మొదట సంఘానికి లేదా బస్తీలోని అద్దెదారు కుటుంబానికి చూపడం, ధరను నిర్ణయించే పద్ధతి ముందే రాసి ఉంచడం అందులో ఉండాలి. ఆపదలో ఉన్న సభ్యుడికి తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చే నిధి లేకుండా ఈ నియమాలు నిలబడవు, ఎందుకంటే ఎక్కువమంది ఇల్లు అమ్మేది ఆసుపత్రి ఖర్చు కోసమో, పడవ ఇంజిను అప్పు కోసమో. మహిళా పొదుపు సంఘాలకు ఇలాంటి నిధి నడిపిన అనుభవం ఉంది. సొసైటీ రిజిస్ట్రేషన్ నాటికే వారి ప్రతినిధులలో ఇద్దరు పాలకవర్గంలో ఉండేలా నియమావళి రాయించి, ఆ ముసాయిదాను సహకార శాఖకు సమర్పించే ముందు అద్దెదారులతో సహా బస్తీ అందరి ఎదుట చదవాలి.